పాయింటరు గారి ఆదివారం పాఠం

ఆఫీసులో ఆయన్ని అందరూ పాయింటరు గారు అంటారు. టీ తాగేటప్పుడు కూడా వేలు చూపిస్తూ కంప్యూటరు భాషల గురించి చెప్పడం వల్ల వచ్చిన పేరది. ఇంట్లో మాత్రం ఆ వేలు టీవీ రిమోటు దాటి కదలదు.

శనివారం భార్య తన తమ్ముడితో ఫోనులో మాట్లాడుతుంటే ఆయన చెవిన రెండు మాటలు పడ్డాయి. ఒకటి "రేపు". రెండోది "బీరువా". బావమరిది ఇల్లు మారుతున్నాడు. ఆ ఇనప బీరువాను ఆయన ఎరుగును. ఖాళీగా ఉన్నప్పుడే నలుగురు మనుషుల్ని ఏడిపిస్తుంది.

ఫోను పెట్టేయగానే ఆయన గొంతులో ఎక్కడలేని ప్రేమ పొంగింది.

"ఏమోయ్, నీకేదో టెస్టు ఉందన్నావు కదూ?"

"అన్నాను."

ఆవిడ లిఫ్టులు తయారుచేసే కంపెనీలో లెక్కల విభాగం నుంచి ఈమధ్యే తనిఖీ విభాగానికి మారింది. లిఫ్టును నడిపే ప్రోగ్రాములన్నీ మెషీనుకు బాగా దగ్గరగా ఉండే పాత భాషలో రాసినవి. అది వస్తేగాని ఆ సీటు నిలవదు.

"రేపు పొద్దుటి నుంచీ కూర్చుని నేను నేర్పిస్తాను. గడప దాటితే ఒట్టు."

"రోజంతా ఇంట్లోనే ఉంటారా? సరేనండీ."

అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే ఆయనకు అనుమానం రావాల్సింది. రాలేదు.

ఆదివారం ఆవిడ ఆఫీసు నుంచి తెచ్చిన సాధన బోర్డు ముందు పెట్టుకుని కూర్చుంది. దాని మీద ఐదంతస్తులకు ఐదు చిన్న దీపాలు, ఒక ప్రమాద గంట ఉన్నాయి.

"ఈ భాష ముద్దు చేయదు," అని మొదలుపెట్టారు పాయింటరు గారు. "ఏ పేరు వాడాలన్నా ముందుగా ప్రకటించాలి. అందులో అంకె పెడతావా, అక్షరం పెడతావా అన్నదీ చెప్పాలి. చెప్పకుండా తెస్తే ఊరుకోదు."

"మీరు స్నేహితుల్ని భోజనానికి తెచ్చేటప్పుడు ఈ రూలు లేదా?"

"పాఠంలోకి వంటిల్లు తేకు. రాసింది రాసినట్టు నడవదు. కంపైలరని ఒకటుంది. మొత్తం చదివి మెషీను భాషలోకి మారుస్తుంది. ఒక్క సెమికోలను మర్చిపోయినా పట్టేసుకుంటుంది."

"అడుగు వేయకముందే తప్పులు పట్టేస్తుందా? అచ్చం మీ అమ్మగారే."

ఆయన వినపడనట్టు ముందుకు సాగారు. "పని కోసం మెమరీలో చోటు అడిగి తీసుకుంటాం. పనయ్యాక మనమే తిరిగి అప్పజెప్పాలి. కొత్త భాషల్లో అయితే వెనకాలే ఒకరు తిరుగుతూ సర్దిపెడతారు. ఇందులో ఎవరూ రారు."

ఆవిడ మంచం మీది తడి తువ్వాలు వంకా, కుర్చీ మీది చొక్కాల వంకా చూసింది. "అంటే ఇన్నాళ్ళూ మీరు కొత్త భాషలో కాపురం చేస్తున్నారన్నమాట."

"పాయింటరంటే వస్తువు కాదు, అదున్న చోటు అడ్రసు. చోటు అప్పజెప్పేశాక ఆ అడ్రసు పట్టుకుని వెళ్ళకూడదు. కొత్తగా ఎవరు దిగారో తెలీదు."

"మా తమ్ముడి పాత ఇంటికెళ్ళి తలుపు కొట్టినట్టు."

"అదే!" అన్నారాయన ఉత్సాహంగా. వెంటనే నాలిక కరుచుకున్నారు. తమ్ముడి మాట వస్తే వెనకాలే బీరువా వస్తుంది. గబగబా బోర్డు దగ్గరికి లాక్కున్నారు.

"మెమరీలో ఐదు గదులు వరసగా ఉంటే లెక్క సున్నాతో మొదలు. సున్నా నుంచి నాలుగు. ఐదో నంబరు గది లేదు."

"ఉందనుకుని అందులో రాస్తే?"

"ఆపేవాడుండడు. పక్కవాడి గదిలో రాసేస్తుంది. కొత్తవాళ్ళు అక్కడే బోల్తా పడతారు. నేను రాస్తాను చూడు."

ఆయన లాప్‌టాప్‌లో చకచకా రాశారు, తీగ తగిలించి బోర్డులోకి ఎక్కించారు. ఐదు దీపాలూ ఒకదాని తర్వాత ఒకటి వెలిగాయి. ఆయన మీసం మీద చెయ్యి వేశారు.

అప్పుడు గంట మోగింది.

"ఆపండి!"

"అదే ఆగుతుంది."

ఆగలేదు. ఆయన తీగ పీకేశారు.

"లోపల బ్యాటరీ ఉందండీ. లిఫ్టు గంట కదా, కరెంటు పోయినా మోగాలి!"

దిండు కింద పెట్టారు. దిండు మోగింది. అల్మరాలో పెట్టి తలుపేశారు. అల్మరా మోగింది. కింది ఫ్లాటు పళ్ళ డాక్టరు గడ్డానికి సగం నురగతో "మంటలు! దిగండి, దిగండి!" అని అరుస్తూ మెట్లు దిగారు. ఆయన వెనక భవనమంతా దిగింది.

ఆవిడ నింపాదిగా అల్మరా తెరిచి బోర్డు తీసి, తీగ మళ్ళీ తగిలించింది. ప్రోగ్రాములో ఒక్క గుర్తు చెరిపి మళ్ళీ ఎక్కించింది. గంట నోరు మూసుకుంది.

"ఐదు కన్నా తక్కువ అని ఊరుకోక, పక్కన సమానం గుర్తు కూడా తగిలించారు. లేని గదిలో రాశారు. ఆ చోట్లోనే గంట ఎంతసేపు మోగాలో ఉంది."

పాయింటరు గారు నోరు తెరిచారు. "నీకెలా..."

"టెస్టు పోయిన వారమే అయిపోయింది. పాసయ్యాను."

"చెప్పలేదేం?"

"అయిందా అని మీరడగలేదు. ఆదివారం మిమ్మల్ని ఇంట్లో కట్టిపడేయడానికి నాకింతకన్నా మంచి తాడు దొరకలేదు."

"ఇంట్లో ఎందుకు? బీరువా అక్కడుంది కదా!"

"తమ్ముడు ఎక్కడికి మారుతున్నాడో ఏనాడైనా విన్నారా? మన పై ఫ్లాటులోకి."

కింద లారీ హారను వినిపించింది.

ఆయన దిగేసరికి బావమరిది లారీ పక్కన నిలబడి, రోడ్డు మీది జనాన్ని చూస్తున్నాడు. కళ్ళు చెమర్చాయి. "బావా! నాకోసం భవనం మొత్తాన్ని దింపావా!"

మంటలు లేవని తెలిసి వెర్రిమొహాలు వేసుకున్న వాళ్ళంతా ఆ మాటతో కాదనలేక తలా ఒకటి అందుకున్నారు. పళ్ళ డాక్టరు మిక్సీ పట్టుకున్నారు. లిఫ్టులో పట్టని వస్తువు ఒక్కటే మిగిలింది. దాని ముందు భాగం, గౌరవంగా, బావగారికి ఇచ్చారు.

బీరువా పైకి చేరాక పాయింటరు గారు మెట్టు మీద కూలబడ్డారు. ఆవిడ టీ తెచ్చి పక్కన కూర్చుంది.

"ఒక్కటి చెప్పనా? ఆ పాయింటర్ల గొడవ ట్రైనింగులో ఎంత చెప్పినా నాకు ముక్క అర్థం కాలేదు. టెస్టులో ఆ ప్రశ్న వదిలేశాను. ఇవాళ మీరు చెబితే అర్థమైంది."

"నిజంగానా?"

"మీ మీద ఒట్టు."

ఆయన ముఖం వెలిగింది. టీ ఒక్క గుక్కలో తాగేసి, లేచి చొక్కా చేతులు పైకి మడుచుకున్నారు.

"ఇంకేమైనా ఉందా మోయడానికి?"

"రెండో లారీలో ఫ్రిజ్ ఉందండీ," అంది ఆవిడ వినయంగా.