ఏడో ఎక్కానికి మూడు శంఖాలు

ఆ మంగళవారం ఎడెల్మీరా వేసుకున్న పథకం చిన్నదే. తొమ్మిదింటికి పిల్లలకు ఏడో ఎక్కం, పదింటికి శిక్షణ కళాశాల నుంచి వచ్చే పరిశీలకుడు డోన్ అర్నుల్ఫో ముందు అదే ఎక్కం మళ్లీ, పదకొండింటికి ఆయన సంతకం. అది పడితే వాళ్లింట్లో మొదటి పట్టా ఆమెదే. కూస్కో పట్నం సంతలో బంగాళాదుంపలు అమ్మే వాళ్లమ్మ, పట్టా తగిలించడానికి గోడకు మేకు కూడా కొట్టి ఉంచింది.

టీచరు శిక్షణ కోసం ఆమె వచ్చిన కొండమీది బడికి అప్పట్లో గడ్డికప్పు. రాత్రి వాన పడితే మర్నాడు మధ్యాహ్నం దాకా నల్లబల్ల పక్క బకెట్లో చుక్కలు పడుతూనే ఉండేవి. అక్కడ చదివినవాళ్లకి ఆ టప్ టప్ ఇప్పటికీ చెవుల్లో ఉంది. అసలు మాస్టారు పన్ను పీకించుకోవడానికి పట్నం వెళ్లాడు. గదిలో ఇరవైమంది పిల్లలు. ఎడెల్మీరాదేమో పిచ్చుక గొంతు.

"టీచర్, మీరు పాఠం చెప్తున్నారా, ఊపిరి పీలుస్తున్నారా?" అంది ముందు బల్లలోని నైడా.

బీరువా మీద పాత శంఖం కనిపిస్తే ఎడెల్మీరా తీసి ఊదింది. గది చప్పబడిపోయింది. మురిసిపోయి "ఏడొకట్ల ఏడు" అనేసరికి గుసగుసలు. మళ్లీ ఊదింది. ఈసారి గోల. మూడోసారి బుగ్గలు ఉబ్బించి ఊదింది.

నైడా మొహం పాలిపోయింది. "ఏరు పొంగిందా టీచర్?"

"ఏ ఏరు?"

"మూడుసార్లు ఊదితే వరదే కదా! ఒకసారి సభకి, రెండుసార్లు ఊరుమ్మడి పనికి."

పట్నంలో పుట్టిన ఎడెల్మీరాకు శంఖమంటే అలంకారం. ఆమె బుర్రకు విషయం ఎక్కేలోపే వాకిట్లో ఎనభైమంది. మగవాళ్లు తాళ్లతో, ఆడవాళ్లు చిచా అనే మొక్కజొన్న కల్లు కుండలతో వచ్చారు. ఒకాయన అత్తగారిని వీపున మోసుకొచ్చాడు.

"ఎక్కడమ్మా వరద?" రొప్పుతూ అడిగాడు ఊరిపెద్ద డోన్ క్లేటో.

"వరద లేదు తాతా... ఏడో ఎక్కం."

ఊరు ఊరంతా ఆమెనే చూసింది.

"చూడు తల్లీ," అన్నాడు క్లేటో, "శంఖం మోగాక ఉత్తచేతుల్తో వెనక్కెళ్తే కొండ ఊరుకోదు. ఊదినవాళ్లే పని చెప్పాలి. చెప్పు!"

లోపల బకెట్లో టప్ మంది.

"పైకప్పు," అంది ఎడెల్మీరా.

"ఏంటీ?"

"పైకప్పూ!"

మగవాళ్లు కొండగడ్డి కోసి మోపులు కట్టి, తాళ్లేసి కప్పెక్కారు. పిల్లలు ఏడేసి మోపుల చొప్పున గడ్డి అందించారు. "ఏడు మూళ్ల?" అని కింద ఆమె అంటే "ఇరవయ్యొకటి!" అని పైనున్న తండ్రులు కూడా అరిచారు. బడి మొహం చూడని క్లేటో నలభై తొమ్మిది దాకా వచ్చాడు.

పదింటికి టై కట్టుకుని దిగిన డోన్ అర్నుల్ఫో నెత్తిన ఒకావిడ మోపు పెట్టేసింది. "నిలబడి చూసేవాళ్లకి చిచా లేదు నాయనా!" మధ్యాహ్నానికి ఆయన జుట్టునిండా గడ్డి, చేతిలో మూడో గ్లాసు, నోట్లో ఏడు తొమ్మిదుల అరవైమూడు.

ఇప్పుడా బడికి రేకులు వేశారు. వాన పడితే ఎవరి మాటా ఎవరికీ వినపడదు. ఎడెల్మీరా వాళ్లింటి గోడమీది మేకుకు మాత్రం పట్టాతోపాటు అర్నుల్ఫో రాసిన నివేదిక ఇంకా వేలాడుతోంది: "ఊరంతటినీ బడికి రప్పించిన తీరు మెచ్చదగినది. గొంతు ఇంకాస్త పెంచాలి."