దండెం మీది తెల్లకోటు

ఆ సోమవారం ఉదయం నేత్ర వేసుకున్న పథకం చాలా చిన్నది. కూర్చుని, వేడి కాఫీ, లోటా అడుగు కనిపించేదాకా తాగాలి. తొమ్మిదింటికి తాపీగా పనికి బయల్దేరాలి. చింతామణి టౌన్లో ఒక నర్సింగ్‌హోమ్‌లో పదకొండేళ్ళు నర్సుగా చేసిన మనిషికి ఇది అత్యాశేమీ కాదు. అన్నేళ్ళూ ఆమె కాఫీ నిలబడే తాగింది, అదీ చల్లారాక. చివరికి విసుగెత్తి, జీతం సగమేనని తెలిసీ ఒక ప్రైవేటు స్కూల్లో గుమాస్తాగా చేరింది. తొమ్మిదిన్నర నుంచి నాలుగున్నరదాకా పని, ఆదివారం సెలవు. టమోటా మండీలో పనిచేసే భర్త దేవరాజ్ "నీ ఇష్టం" అని ఊరుకున్నాడు.

అత్త యశోదమ్మకే అది మింగుడు పడలేదు. కోడలు తక్కువ జీతానికి దిగిపోయిందంటే వీధిలో తలెత్తుకునేదెలా? ఎదురింటి మునిరత్నమ్మ అడగనే అడిగింది, ఆస్పత్రి ఎందుకు మానేసిందని. యశోదమ్మ తడుముకోలేదు.

"ఇంగ ఇంట్లోనే రోగుల్ని చూస్తాది. స్కూలికి పోయేది ఊరికే పొద్దు పోవడానికి."

మునిరత్నమ్మకు ఒక మాట చెప్పాక దాన్ని వెనక్కి తెచ్చుకునే మార్గం ఆ వీధిలో ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు. నేత్ర లోటా ఎత్తేసరికి గేటు కిర్రుమంది. డెబ్బై రెండేళ్ళ పిళ్ళప్ప, చొక్కా చెయ్యి మడుచుకుని మరీ వచ్చాడు.

"అప్పా, నేనిప్పుడు నర్సు కాదు. స్కూల్లో రాసే పని" అంది నేత్ర.

"తెలుసులేమ్మా, ఎవురికీ చెప్పను. ముందు బీపీ చూడు."

కాఫీ చల్లారింది.

మర్నాడు అదే వీధి కెంపమ్మ కాలి పుండుతో వచ్చింది. ఇది డాక్టరు చూడాల్సిందని నేత్ర ఎంత చెప్పినా కదలదు. తొమ్మిది దాటిపోతోంది. సంచిలోంచి చేతికందిన కాగితం వెనక, సర్కారు ఆస్పత్రికి వెళ్ళి షుగరు చూపించుకోమని రాసిచ్చి, నేత్ర పరుగెత్తింది. ఆ కాగితం స్కూలు అడ్మిషన్ ఫారం. కెంపమ్మ ఆస్పత్రికి వెళ్ళింది, మందులు వాడింది, పుండు మానుముఖం పట్టింది. పేరు మాత్రం డాక్టరుకు రాలేదు, చీటీకి వచ్చింది. ఆమె దాన్ని మడిచి బొడ్లో దోపుకుని కనిపించినవాళ్ళకల్లా చూపించింది.

అక్కడినుంచి నేత్రకు ఊపిరాడలేదు. కైవారం నుంచి వచ్చారు, బాగేపల్లి దాటి పరగోడు నుంచి కూడా వచ్చారు. తెల్లకాగితం మీద రాసిస్తే తీసుకోరు, కెంపమ్మకు ఇచ్చినటువంటిదే కావాలంటారు. వదిలించుకోవడానికి ఆమె ఫారాల వెనకే రాసిచ్చింది. ఫారానికి ముందువైపు స్కూలు పేరు, అడ్రసు అచ్చులో ఉంటాయన్న సంగతి ఆ తొందరలో ఆమెకు తట్టలేదు.

రెండో వారం శుక్రవారం, స్కూలు యజమాని పురుషోత్తమ్ ఆఫీసు ముందు బెంచీ మీద ఏడుగురు ముసలివాళ్ళను చూశాడు. అందరి చేతుల్లోనూ అడ్మిషన్ ఫారాలు. ఆయన మొహం వెలిగిపోయింది. మొదటివాణ్ణి స్వయంగా లోపలికి పిలిచి కుర్చీ వేయించాడు. ఆ మొదటివాడు పిళ్ళప్ప.

"ఏ తరగతికప్పా?"

"తరగతి యాడిది? మోకాలు."

"ఎవురికి?"

"నాకే."

పది నిమిషాల తర్వాత పురుషోత్తమ్ నేత్రను పిలిచాడు. ఆయన గొంతు పెంచలేదు, అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. "మేడమ్, సోమవారం ఒక్క ముసలాయప్ప ఈ బెంచీ మీద కనపడినా మీరు మళ్ళా ఆస్పత్రికే పోవచ్చు" అన్నాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చిన నేత్రకు ఏడుపొక్కటే తక్కువ.

"అత్తా, నువ్వన్నా నిజం చెప్పు వాళ్ళకి."

"ఇప్పుడు చెప్తే నేను అబద్ధం చెప్పినట్లయితాది గదా" అంది యశోదమ్మ, ఎంతో న్యాయంగా.

శనివారం కూడా గేటు కిర్రుమంటూనే ఉంది. ఆదివారం తెల్లారేసరికి నేత్ర ఓడిపోయింది. ఆస్పత్రిలో ఎనిమిది గంటల డ్యూటీ అయ్యాకైనా ఇంకో నర్సు వచ్చి విడిపిస్తుంది, ఇక్కడ విడిపించే నాథుడే లేడు. రేపు వెళ్ళి పాత ఉద్యోగమే అడుక్కుందామనుకుని, పెట్టె అడుగున పెట్టేసిన తెల్లకోటు తీసి, దాని మీద కోపమంతా చూపించి ఉతికి, ముందువైపు దండెం మీద ఆరేసింది.

ఎనిమిదింటికి పిళ్ళప్ప వచ్చాడు. గేటు మీద చెయ్యి వేసి, కోటు చూసి, ఆగిపోయాడు. పదకొండేళ్ళుగా ఆ వీధికి తెలిసిన సంగతే. పొద్దున దండెం మీద కోటు ఆరుతోందంటే నర్సమ్మ నైట్‌డ్యూటీ దిగి పడుకుందని. ఆ పూట ఆ ఇంటి ముందు పిల్లలు ఆడరు, కూరగాయలవాడు అరవడు. అరిస్తే యశోదమ్మ ఊరుకోదు. ఇప్పుడూ వాకిట్లో కూర్చున్న యశోదమ్మ, కోటు కనపడగానే పాత అలవాటు కొద్దీ నోటి మీద వేలు పెట్టుకుంది.

"నైటు దిగొచ్చి పండుకోనుండాది."

"అయ్యో, మళ్ళా చేరిందా? నైటంతా ఆస్పత్రి, పగలంతా స్కూలు. ఎట్ల తట్టుకుంటాదమ్మా పాపం?"

యశోదమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. కోడలికి రెండు జీతాలు. ఆమె కాదనలేదు.

పిళ్ళప్ప మడిచిన చెయ్యి దించుకుని, గేటు చప్పుడు కాకుండా మూశాడు. ఆయన చెప్పగానే కెంపమ్మ వీధి మొదట్లోనే నిలబడి, నర్సమ్మను ఇంట్లోనూ స్కూల్లోనూ కదిలించొద్దని మిగతావాళ్ళను వెనక్కి పంపింది. లోపల నేత్ర ఇదంతా కిటికీలోంచి చూసింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. కాఫీ వేడిగా ఉంది, లోటా అడుగు కనిపించింది. ఇంకొంచెం పోసుకుంది.

సోమవారం పురుషోత్తమ్ రెండుసార్లు బయటికొచ్చి చూశాడు. బెంచీ ఖాళీ.

నేత్ర ఇప్పటికీ స్కూల్లోనే పనిచేస్తోంది. కోటు మాత్రం రోజూ దండెం మీద డ్యూటీలో ఉంటుంది, ఆదివారం సెలవు కూడా లేకుండా.