తెల్ల పొగ, తియ్యటి వాసన

ఆ శనివారం ఉదయం జాన్ బాబుకు ఉన్న పని ఒక్కటే. తండ్రి గుంటూరు నుంచి తెచ్చిన పాత ఆకుపచ్చ కారును సినిమా షూటింగుకు చేర్చాలి. ఇంజిన్ మొత్తం విప్పించి, కొత్తగా కట్టించి వారమైంది. ఆ వారమంతా భార్య తెరెసా ఒకటే మాట అంటోంది.

"షూటింగుకైనా అది చేరిందా సరే. చేరలేదా, సోమవారం అమ్మేస్తానండీ. ఇంట్లో దానికున్నంత చోటు నాకు లేదు."

ఫిల్మ్ నగర్‌లోని వాళ్ళింట్లో కారు వెనక గోడకు తోక ఆనించి నిలబడి ఉంది. జాన్ బాబు మనసులో ప్రార్థన చేసుకుని స్టార్ట్ చేశాడు. ఇంజిన్ వెంటనే అందుకుంది. సంతోషంగా అద్దంలో చూశాడు. వెనకంతా తెల్ల పొగ.

దిగి వాసన చూశాడు. తియ్యగా ఉంది. అప్పుడు గుర్తొచ్చింది, పొద్దున రేడియేటర్‌లో నీళ్ళు కూడా కాస్త తగ్గి ఉన్నాయి. వెంటనే ఇంజిన్ కట్టిన మెకానిక్ పోచయ్యకు ఫోన్ చేశాడు.

పోచయ్య వెంగళరావు నగర్ నుంచి స్కూటర్ మీద వచ్చాడు. "నేను కట్టిన ఇంజిన్ పొగ ఇడవదు సార్. మీ ముక్కుకే ఏమో అయింది" అంటూ వంగి వాసన చూశాడు. లేచేసరికి ముఖం మారిపోయింది.

"తెల్ల పొగ, తియ్యటి వాసన, నీళ్ళు తగ్గుడు. హెడ్ గ్యాస్కెట్ పోయింది సార్. నీళ్ళు లోపలికి కారి కాలుతున్నయి."

"అది వేసింది నువ్వే కదయ్యా?"

"నేనే ఏసిన. మంచిగనే ఏసిన. గదే పోయింది."

పోచయ్య ఆయిల్ పుల్ల తీసి చూశాడు. నీళ్ళు కలిసుంటే ఆయిల్ పాలు పోసిన టీలా మారాలి. మారలేదు. రేడియేటర్‌లో బుడగలు రావాలి. రాలేదు. "గిదేందో దొంగ లీక్ సార్" అని తేల్చేశాడు.

ఇంతలో సినిమా మేనేజర్ నాగసాయి ఫోన్.

"సార్, లొకేషన్ మారింది. మెసేజ్ పెట్టాను, చూశారా?"

జాన్ బాబు చేతులనిండా నూనె, మెసేజ్ చూడనేలేదు. నిజం చెబితే వేరే కారు పిలుస్తారని భయం. "చూశాను బాబూ. బయల్దేరాను కూడా. ఎర్రగడ్డలో ఉన్నా, ట్రాఫిక్!"

"అయితే మీరొచ్చేలోగా ఇంకో రిహార్సల్ చేసుకుంటాం."

కాసేపట్లో పొగ రెట్టింపయింది.

"పెరుగుతోందయ్యా!"

"హెడ్ ఇప్పాల్సిందే సార్." పోచయ్య ఇంజిన్ ఆపించి స్పానర్ అందుకున్నాడు.

మళ్ళీ ఫోన్. "ఇంకా ఎర్రగడ్డేనా సార్?"

"కదిలాను బాబూ. మెట్రో స్టేషన్ దాటాను."

"సరే, ఇంకో రిహార్సల్."

ఈసారి పొగ కారు పైకప్పును కూడా మింగేసింది. పోచయ్య స్పానర్ వేగం పెంచాడు.

తెరెసా టీ తీసుకుని వచ్చింది. భర్త కనబడలేదు. "ఏమండీ, ఎక్కడున్నారు?"

"ఇక్కడే, ఇంజిన్ దగ్గర."

"ముందు దాన్ని ఆపండి, ఊపిరాడట్లేదు."

"ఎప్పుడో ఆపేశాం. హెడ్ కూడా తీసేశాం, చూడు."

నిజమే. ఇంజిన్ హెడ్ పోచయ్య ఒడిలో పసిపిల్లలా ఉంది. తెరెసా దాన్ని చూసింది, పొగను చూసింది.

"మరి ఈ పొగ ఎవరిదండీ?"

గోడ అవతల మైకులో ఎవరో అరిచారు. "పొగ ఆపండయ్యా! ఆ కారు ఇవాళ వచ్చేలా లేదు."

తెరెసా స్టూలెక్కి చూసింది. వెనకాల జూబ్లీహిల్స్ బంగ్లా తోటలో లైట్లు, తియ్యటి పొగ కక్కుతున్న మెషీను, దాని పక్కన ఫోను పట్టుకుని నాగసాయి. అతను గోడ దగ్గరికి వచ్చి తొంగిచూశాడు.

"సార్, ఎర్రగడ్డ ఇంత దగ్గరని నాకు తెలీదు."

జాన్ బాబు తల దించుకున్నాడు. పోచయ్య మాత్రం తల ఎత్తాడు. "నేను ముందే అనుకున్న. కొత్తగ కట్టిన ఇంజిన్ల చిక్కిన గాలి బయటికి పోతే నీళ్ళు జర తగ్గుతయి. గది మామూలే."

"మరి విప్పడమెందుకయ్యా?" అంది తెరెసా.

"సార్ తృప్తి కోసం అమ్మా."

"బాబూ, కారిక నడవదు" అన్నాడు జాన్ బాబు, ఏడుపొక్కటే తక్కువగా.

"నడవక్కర్లేదు సార్. హీరోయిన్ బానెట్ మీద కూర్చుని పాడుతుంది, అంతే. బానెట్ మూసుకుంటుందా?"

"మస్తుగ మూసుకుంటది" అన్నాడు పోచయ్య గర్వంగా.

లైట్‌బాయ్స్ అందరూ కలిసి కారును సందు చుట్టూ తోసుకుంటూ తీసుకెళ్ళారు. సాయంత్రానికి పాట సగమైంది. తెరెసా మాత్రం పట్టు వదల్లేదు.

"తోస్తే వెళ్ళింది చేరినట్టు కాదండీ. సోమవారం అమ్మేయడమే."

నాగసాయి కంగారుపడ్డాడు. "అమ్మా, అంత పని చేయకండి! కారు పాటలో కనబడిపోయింది. మిగతా సీన్లలోనూ ఇదే కారు కనబడాలి. సినిమా పూర్తయ్యేదాకా అమ్మకూడదు, రంగు మార్చకూడదు, ఆ తలుపు మీది గీత కూడా చెరపకూడదు."

జాన్ బాబు ఆ గీతను రుమాలుతో మెల్లగా తుడిచాడు, చెరిగిపోకుండా.

"పూర్తయ్యేది ఎప్పుడు బాబూ?" అడిగింది తెరెసా.

నాగసాయి ఆకాశం వైపు చూశాడు. ఫిల్మ్ నగర్‌లో ఆ ప్రశ్నకు జవాబు తెలిసినవాళ్ళు ఇంతవరకు ఎవరూ లేరు.