కిటికీ పక్క బల్ల

ఆ టైలరుకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఏదో ఉండే ఉంటుంది. వీధిలో మాత్రం అందరూ అంగుళంగారనే అంటారు. ఎవరు ఏ గుడ్డ తెచ్చిచ్చినా అందులో ఒక అంగుళం మిగల్చందే ఆయనకి రాత్రి నిద్ర పట్టదు. అలా మిగిలిన అంగుళాలే ఆయన ఇంట్లో దిండు గలీబులై, కర్టెన్లై, చేతిసంచులై కనిపిస్తుంటాయి. వీధిలోవాళ్ళు ఆ ఇంటికెళితే తమ పాత చొక్కాలన్నిటినీ ఒకసారి పలకరించి రావచ్చు.

ఆయన భార్యకి ఉన్నది ఒకే ఒక్క కోరిక. బజారు మలుపులోని పెద్ద హోటల్లో, వీధివైపు కిటికీ పక్కనున్న బల్ల దగ్గర కూర్చోవాలి. కావలసింది తను చెప్పాలి, ఇంకొకరు తెచ్చి వడ్డించాలి. మొగుడికీ కన్నతల్లికీ మూడుపూటలా వంగి వడ్డించీ వడ్డించీ నడుం పడిపోయింది, ఒక్కపూట నిటారుగా కూర్చుని తింటానండీ అని ఆవిడ ఏళ్ళ తరబడి ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతోంది. ఆ హోటల్లో ఒక్కపూట తింటే ఏడాది దారం ఖర్చు పోతుందని ఆయన అంతే ఓపికగా దాటవేస్తున్నారు.

అలాంటి మనిషి ఒక సాయంత్రం గాల్లో తేలుతూ ఇంటికొచ్చి, ఆదివారం హోటలుకి పోతున్నాం తయారవమన్నారు. ఆవిడ ముందు ఆయన నుదుటి మీద చెయ్యేసి చూసింది. జ్వరం లేదు.

సంగతేమిటంటే, హోటల్లో సర్వర్లందరికీ కొత్త చొక్కాలు కావాలట. కుట్టుకూలి బదులు ఆదివారం ఆదివారం ఇద్దరికి భోజనం పెట్టేలా యజమానితో బేరం కుదిర్చానని అంగుళంగారు మీసం మెలేశారు.

"చిల్లిగవ్వ ఖర్చు లేదే. అదీ తెలివంటే."

"మరి కాజాలూ గుండీలూ ఎవరు కుడతారు?" అంది ఆవిడ.

"ఎప్పుడూ నువ్వేగా కుట్టేది."

"అయితే ఖర్చు లేనిది మీకన్నమాట."

ఆ మాట ఆయన చెవిదాకా వెళ్ళలేదు. అప్పటికే కటింగు బల్ల మీద ముదురు ఎర్ర గుడ్డ పరిచి, ఎక్కడ ఎంత మిగులుతుందా అని టేపుతో వెతుక్కుంటున్నారు.

కత్తిరించిన ముక్కలు చూసి ఆవిడకి అనుమానమొచ్చింది. సర్వర్ల కొలతలు ఎలా తీశారని అడిగింది. ఎలా తీస్తారు, నిటారుగా నిలబెట్టి, ఊపిరి లోపలికి పీల్చమని తీశాను అన్నారాయన. పొట్ట లోపలికి పోతే ఒక్కో చొక్కాకి ఎంత గుడ్డ కలిసొస్తుందో కూడా వివరించారు.

"సర్వరు నిలబడి చేసే పనేముందండీ, పొద్దస్తమానం వంగడమేగా. వీపు దగ్గర కాస్త లూజు వదలండి. వంగే బతుకేమిటో నాకు తెలుసు," అంది.

కత్తెర పట్టింది నేనా నువ్వా అని ఆయన కసురుకున్నారు. ఆవిడ కాజాలు కుట్టింది. వారం తిరిగేసరికి సర్వర్ల ఒంటిమీదకి ముదురు ఎర్ర చొక్కాలొచ్చాయి, అంగుళంగారి మంచం మీదకి ముదురు ఎర్ర గలీబులొచ్చాయి.

ఆదివారం నాడు ఆవిడ ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుంది. చేతిసంచీలో ఏదో కుక్కుకుని బయల్దేరింది. ఏమిటంత బరువని ఆయన అడిగితే, ఆడవాళ్ళ సంచీలో సవాలక్ష ఉంటాయంది.

హోటల్లో ఆవిడ నేరుగా కిటికీ వైపే నడిచింది. యజమాని అడ్డం వచ్చి, అది డబ్బిచ్చి తినేవాళ్ళకండీ అంటూ వంటింటి తలుపు పక్క, ఎంగిలి ప్లేట్లు పెట్టే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. ఏం తింటారని ఎవరూ అడగలేదు. వంటింట్లో మిగిలిన సూపు రెండు గిన్నెల్లో వచ్చింది. ఆవిడ కిటికీ వంక చూస్తూ ఉండిపోయింది.

"సూపు ఎక్కడ తాగినా సూపేనే," అన్నారు అంగుళంగారు, జుర్రుకుంటూ.

ఆవిడ ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనలేదంటే జాగ్రత్తపడాలని ఇన్నేళ్ళ కాపురంలో ఆయనకి తెలియకపోవడం విచిత్రమే.

అప్పుడు మొదలైంది. కిటికీ బల్ల దగ్గర ఒక బట్టతల పెద్దమనిషికి సూపు పెట్టడానికి బొద్దు సర్వరు వంగాడు. టప్పున అతని పొట్ట మీది గుండీ ఎగిరి వెళ్ళి సూపులో పడింది. పెద్దమనిషి దాన్ని చెంచాతో పైకి తీసి, వెలుతురులో పెట్టి చూశాడు.

"దీన్ని నమలాలా, మింగాలా?"

క్షమాపణ చెప్పడానికి రెండో సర్వరు ఇంకా వినయంగా వంగాడు. వీపు కుట్టు మెడ నుంచి నడుందాకా పర్రుమంది. ఇదంతా చూసిన మూడోవాడు తెలివైనవాడు కాబట్టి వంగనే లేదు. కొయ్యలా నిలబడి పైనుంచి వడ్డించేసరికి వేయించిన కోడి కాస్తా పెద్దమనిషి భార్య ఒళ్ళో వాలింది.

ఎక్కడ ఆ టైలరు అంటూ యజమాని కేకేసుకుంటూ వచ్చాడు. అంగుళంగారు చెంచా పడిపోయిందని గొణుగుతూ బల్లకింద దూరారు.

ఆవిడ లేచి నిలబడింది. చిరిగినవాళ్ళూ ఊడినవాళ్ళూ వంటింట్లోకి రండని పిలిచి, సంచీలోంచి సూదీ దారం తీసింది. ఆ తర్వాత రెండు ముదురు ఎర్ర దిండు గలీబులు తీసింది. ఒక్కొక్కణ్ణే వంగమని, ఎక్కడ బిగుస్తుందో చేత్తో చూసి, గలీబు కత్తిరించి వీపుకి ముక్కలు వేసింది. యజమాని ఆ గుడ్డని పట్టి పట్టి చూశాడు.

"ఇది నా గుడ్డలా ఉందే?"

"మీదేనండీ. మావారు భద్రంగా దాచారు," అంది ఆవిడ.

బల్లకింద అంగుళంగారు ఇంకాస్త లోపలికి జరిగారు.

యజమాని కాసేపు పళ్ళు నూరి, ఇకమీదట బేరం మీతోనే అమ్మా అన్నాడు. ఆవిడ కుట్టు ఆపకుండానే షరతులు చెప్పింది. మిగతా చొక్కాలన్నీ తనే సరిచేస్తుంది. ఆదివారం ఆదివారం ఇద్దరికి భోజనం, అది కిటికీ పక్క బల్ల దగ్గర, తను అడిగినవి. యజమాని ఒప్పుకున్నాడు. ఇద్దరికి అన్న మాట వినపడగానే అంగుళంగారి ప్రాణం లేచొచ్చి, బల్లకిందనుంచి మనిషీ లేచొచ్చారు.

మరుసటి ఆదివారం ఆయన అందరికంటే ముందే తలదువ్వుకుని గుమ్మంలో నిలబడ్డారు. ఆవిడ వచ్చింది. ఆవిడ వెనకాలే, ఊతకర్ర తాటించుకుంటూ ఆయన అత్తగారూ వచ్చారు.

"మరి నేనో?" అన్నారాయన నీరసంగా.

"మీరు లేకపోతే ఎలాగండీ. గుండీలు కుట్టాల్సిన చొక్కాలు అక్కడ బోలెడున్నాయి," అంది ఆవిడ.

ఆ సాయంత్రం కిటికీ పక్కన ఆవిడ నిటారుగా కూర్చుని, మెనూ పుస్తకం పేజీ పేజీ తిప్పి మరీ కావలసినవి చెప్పింది. అత్తగారు రెండో ఐస్‌క్రీము దగ్గరున్నారు. బొద్దు సర్వరు నడుం వంచి వడ్డిస్తున్నాడు, ఒక్క గుండీ కదల్లేదు. వంటింటి తలుపు పక్క, ఎంగిలి ప్లేట్ల మధ్య, అంగుళంగారు సూదిలోకి దారం ఎక్కిస్తున్నారు.

కాసేపటికి సర్వరు ఒక గిన్నె తెచ్చి ఆయన ముందు పెట్టాడు.

"అమ్మగారు పంపారండీ. సూపు ఎక్కడ తాగినా సూపేనని చెప్పమన్నారు."

అంగుళంగారు తాగేముందు చెంచాతో అడుగుదాకా కలిపి, గుండీ ఏమైనా ఉందేమో చూసుకున్నారు.