తలూపిన పెద్దమనిషి

ఆ ఉదయం పోలయ్య తలపెట్టింది చాలా చిన్న పని. ఎండ ముదరకముందే చావడికి వెళ్ళి పిచ్చమ్మకూ చెంచయ్యకూ వచ్చిన పొట్టేలు తగాదా తేల్చేసి, ఇంటికొచ్చి పలచని మజ్జిగ ఇంత తాగి పడుకోవాలి. బేస్తవారిపేట చుట్టుపక్కల ఆయన తీర్పంటే తీర్పే. ఆయన తల ఊపాక ఇక ఎవరూ మార్కాపురం కోర్టు మెట్లెక్కేవారు కాదు.

అయితే కొన్నాళ్ళుగా ఆ తల ఆయన స్వాధీనంలో లేదు. మోకాళ్ళ నొప్పులని కంభం వెళితే, ఒళ్ళు తగ్గాలి, తిండి సగం చేయమన్నాడు డాక్టరు. పోలయ్య భక్తుడు. డాక్టరు మాటకు చెన్నకేశవస్వామి మొక్కు కూడా జోడించి, సగాన్ని పావు చేశాడు. స్వామి అడిగాడో లేదో మనకు తెలియదు. తెలిసిందల్లా ఒకటే: చీమ కుట్టినా కోపం రాని మనిషి పోపు వాసన వచ్చినందుకు భార్య వీరమ్మతో మాటలు మానేశాడు. రాత్రిళ్ళు కన్ను మూతపడదు. గోవింద నామాలు చెప్పుకుంటుంటే నడుమ జొన్నరొట్టె, గోంగూర వచ్చి కూర్చుంటాయి.

చావడిలో ఊరు చేరింది. ముందు చెంచయ్య గొంతు లేచింది.

“మామా, ఈమె పొట్టేలు తాడు తెంపుకోని నా కొర్రచేనంతా మేసింది. అవునా, కాదా?”

కునుకు పట్టిన పోలయ్య తల కిందికి వాలి, పైకి లేచింది.

“చూసినారా! తలూపినాడు!”

“అన్నా, చేను చుట్టూ ముళ్ళకంప కొట్టుకోవాల్సింది చెంచయ్య కాదా?” అంది పిచ్చమ్మ. తల మళ్ళీ వాలింది. “నాకూ ఊపినాడు!”

“ఉండమ్మా. మామా, ఆ పొట్టేలు నాకిప్పిస్తావా?”

ఈసారి గడ్డం రొమ్ముకు తగిలింది. అంత గట్టి తీర్పు ఊరు ఎన్నడూ చూడలేదు.

పిచ్చమ్మ గుండెలు బాదుకుంది. “మందకంతా పొట్టేలు అదొక్కటే అన్నా! అది పోతే గొర్రెలు ఈనేదెట్ల, నేను బతికేదెట్ల?”

ఆ అరుపుకు పోలయ్య ఉలిక్కిపడ్డాడు. నిద్రపోయానంటే పరువు పోతుంది. “చెప్పింది చెప్పినట్టే! నా మాటకు తిరుగులేదు!” అని కసిరాడు. ఏం చెప్పాడో ఆయనకే తెలియదు.

“మరి దాన్నేం చేయమంటావు మామా?” అన్నాడు చెంచయ్య.

“కోసి కూర వండు,” అంది పోలయ్య కడుపు. నోరు ఆపలేకపోయింది. “ఊరందరికీ పెట్టు. సంగటి ముద్ద పెద్దది చెయ్యి.”

చెంచయ్య మొహం మాడిపోయింది. “చేను పోయింది నాది, మళ్ళా ఊరికి కూడు పెట్టేది నేనా? ఇదేం న్యాయం?”

ఊరికి మాత్రం న్యాయం బాగా నచ్చింది. ఒకడు కత్తికి వెళ్ళాడు, ఒకడు మిరపకాయలకు. పొట్టేలును తెచ్చి చావడి స్తంభానికి కట్టేశారు. పిచ్చమ్మ వీరమ్మ ఇంటికి పరుగెత్తింది.

కాసేపటికి పిచ్చమ్మను వెంటబెట్టుకుని వీరమ్మ చెంగు కింద గిన్నెతో వచ్చి చావడి ముందు నిలబడింది.

“నాదీ ఒక తగాదా ఉండాది. ఈయన ఒళ్ళు మీ చావడిలో, మనసు నా వంటింట్లో. ఏమయ్యా, పొట్టేలు ఎవరిది, చేను ఎవరిది? చెప్పు చూస్తాం.”

పోలయ్య చాలాసేపు ఆలోచించాడు. “పొట్టేలు చెంచయ్యది. చేను... పొట్టేలుది.”

చావడి గొల్లుమంది. పిచ్చమ్మ ఒక్కతే నవ్వలేదు.

“ముందు తిను,” అంది వీరమ్మ.

“మొక్కుందే!”

“స్వామికే రెండు పూటలా నైవేద్యం పెడతా ఉండారు. ఆయనకు లేని ఉపాసం నీకేంది? డాక్టరు సగమన్నాడు, సగమే తెచ్చినా.”

పోలయ్య కళ్ళు మూసుకుని ‘గోవిందా’ అని ముద్ద మింగాడు. గిన్నె ఖాళీ అయ్యేసరికి నుదుటి ముడి విడిపోయింది. మొదటిసారిగా ఇద్దరి మాటా విన్నాడు.

“పొట్టేలు పిచ్చమ్మదే. తప్పూ ఆమెదే. మళ్ళా వానలు పడేలోగా ఆమె మంద రాత్రిళ్ళు చెంచయ్య చేన్లో పడుకోవాల. వాటి పెంట ఎరువుతో పోయిన పంటకు రెండింతలు వస్తాది. చెంచయ్యా, నువ్వు కంప కొట్టుకో.”

చెంచయ్య మొహం విప్పారింది. పిచ్చమ్మ పొట్టేలు మెడ వాటేసుకుంది. కత్తి తెచ్చినవాడు ఊరంతటి తరఫునా నిట్టూర్చాడు.

పోలయ్య స్తంభానికి ఆనుకున్నాడు. ఇన్నాళ్ళ నిద్ర ఒక్కసారిగా వచ్చి, తల మెల్లగా వాలింది.

ఈసారి ఎవరూ ఏమీ అడగలేదు.