కర్టెన్ వేసి ఉన్నంతసేపూ

ఆ రోజు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పొద్దున్నే టీ తాగి బయలుదేరడం, సముద్రాన్ని పక్కన పెట్టుకుని దక్షిణంగా పోవడం, చీకటి పడేలోగా ఆవిడ అక్కగారి ఊరు చేరడం. దారిలో ఆవిడ అడిగిన చోట ఒక్కసారి బండి ఆపాలి. ఈ చివరి షరతు ఆవిడ పెట్టింది.

ఆయన డ్రైవింగ్ పరీక్షలు పెట్టే ఆఫీసరు. ఊళ్లో సగం మందిని ఫెయిల్ చేశాడు. మిగతా సగం మంది ఆయన సెలవులో ఉన్నప్పుడు పరీక్షకి వెళ్లారు. అందరూ ఆయన్ని మార్కులాయన అంటారు. ఇంటికొచ్చినా ఆ ఉద్యోగం ఆగదు. టీలో పంచదార ఎక్కువైతే ఒక మార్కు, గుమ్మంలో చెప్పులు వంకరగా ఉంటే ఒక మార్కు కోత పడుతుంది. ఆయన భార్య ఆసుపత్రిలో నర్సు. రోజూ పదిమంది నొప్పులు తగ్గించి ఇంటికొస్తుంది, వచ్చాక తన మార్కులు తగ్గించుకుంటుంది.

"అక్క ఇంటికి చేరేలోపు మీతో వెనక్కి రావడానికి ఒక్క కారణం కనిపిస్తే వస్తాను. లేకపోతే అక్కడే ఉండిపోతాను" అని వారం కిందట చెప్పింది. ఏడుస్తూనో అరుస్తూనో చెప్పి ఉంటే ఆయన పట్టించుకునేవాడు కాదు. ఆవిడ బట్టలు మడతపెడుతూ మామూలుగా చెప్పింది. ఆ మామూలుతనమే ఆయన్ని భయపెట్టింది. వెంటనే సెలవు పెట్టి క్యాంపర్ వ్యాను ఒకటి అద్దెకి తీసుకున్నాడు. ముందు రెండు సీట్లు, వెనక మంచం, స్టవ్వు, చేతులు కడుక్కునే సింకు. మధ్యలో నీలం కర్టెన్.

ఒక మలుపు తిరగగానే సముద్రం మొత్తం ఒక్కసారిగా కనిపించింది. ఆవిడ అద్దం దించింది.

"ఇక్కడ ఆపండి."

"మలుపులో బండి ఆపకూడదు."

"రోడ్డు పక్కన అంత జాగా ఉంది కదా."

"జాగా ఉన్నా మలుపు మలుపే. ఎవరైనా ఇలా ఆపితే నేనేం చేస్తానో తెలుసా?"

"ఫెయిల్ చేస్తారు. నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"

ఆ మాట తర్వాత ఆవిడ లేచి వెనక్కి వెళ్లి కర్టెన్ లాగేసింది. లేచేటప్పుడు బండి నడుస్తోందని ఆయన మార్కు కూడా తగ్గించాడు, కానీ పైకి అనలేదు. ఎందుకంటే వాళ్లింట్లో ఒక నియమం ఉంది. కోపమొచ్చిన మనిషి తలుపు వేసుకుంటే, ఆ తలుపు మళ్లీ తెరుచుకునేదాకా అవతలి వాళ్లు పలకరించకూడదు. కాపురం కొత్తలో ఇద్దరూ కలిసి పెట్టుకున్న నియమం అది. అప్పట్లో అది ప్రేమలోంచి పుట్టింది, ఇప్పుడు అలవాటుగా మిగిలింది. వ్యానులో ముందుకీ వెనక్కీ మధ్య తలుపు లేదు కాబట్టి కర్టెనే తలుపు.

కొంత దూరం పోయాక పెట్రోలు బంకు వచ్చింది. పక్కనే టీ కొట్టు, దాని ముందు ఎండ టోపీల బండి. ఆయన దిగి నాలుగు టైర్లలో గాలి చూసుకోవడానికి వెళ్లాడు. ఆయన టైరు ముందు కూర్చుంటే లోకం మరిచిపోతాడు. ఈలోగా ఆవిడ వెనక తలుపు తీసుకుని దిగింది. టోపీలమ్ముకునే ముసలామె బండి పట్టుకుని, మోకాలు నొక్కుకుంటూ నిలబడి ఉంది. నర్సు కళ్లకి అది దాటిపోయే దృశ్యం కాదు.

"కాసేపు మా వ్యానులో మంచం మీద పడుకోండి పిన్నిగారూ. కాలు చాపుకుంటే నెమ్మదిస్తుంది. బండి నేను చూస్తాను."

"ధర తగ్గించకమ్మా" అని మాత్రం చెప్పి టోపీలమ్మ వ్యాను ఎక్కింది, తలుపు వేసుకుంది, పడుకుంది. ఆవిడేమో నెత్తిన వెడల్పాటి టోపీ ఒకటి పెట్టుకుని బండి వెనక నిలబడింది.

మార్కులాయన వచ్చి సీట్లో కూర్చున్నాడు. కర్టెన్ మూసే ఉంది. వెనక నుంచి గురక వినిపించింది. ఇన్నేళ్లలో తన భార్య గురక పెట్టడం ఆయన ఎరగడు. ఇది కావాలని చేస్తున్న అవమానమని తీర్మానించుకున్నాడు. బెల్టు పెట్టుకుని, అద్దాలు చూసుకుని బండి కదిలించాడు. పక్క అద్దంలో, పెద్ద టోపీ పెట్టుకున్న ఒక ఆడమనిషి రెండు చేతుల్లో టోపీలతో వ్యాను వెంట పరిగెత్తుకొస్తూ కనిపించింది.

"రోడ్డు మీద పడి అమ్మడమేంటి, బొత్తిగా భయం లేదు" అనుకుని వేగం పెంచాడు.

తర్వాత ఆయన ఫోను మోగింది. తెలియని నంబరు. బండి నడుపుతూ ఫోను ఎత్తే రకం కాదు కాబట్టి కట్ చేశాడు. మళ్లీ మోగింది, మళ్లీ కట్ చేశాడు. ఆ తర్వాత వెనక మంచం మీద ఛార్జింగులో ఉన్న ఆవిడ ఫోను మోగి మోగి ఆగిపోయింది. గురక కూడా ఆగింది. వాళ్లక్క చేసి ఉంటుంది, ఎత్తలేదంటే నా మీద కోపం కాస్త తగ్గినట్టే అనుకున్నాడు. మనిషి ఆశకి అంతకన్నా పెద్ద ఆధారం అక్కర్లేదు.

రోడ్డు తిన్నగా ఉంది, ముందు బళ్లు లేవు. ఆయన గొంతు సవరించుకున్నాడు. జీవితంలో మొదటిసారి ఒక నియమం తప్పాడు.

"కర్టెన్ వేసుకున్నావని తెలుసు. అయినా మాట్లాడుతున్నాను. నువ్వు మాత్రం మధ్యలో ఏమీ అనకు. అంటే ఇక నేను చెప్పలేను."

వెనక నుంచి చిన్న దగ్గు వినిపించింది. అది ఒప్పుకోలని ఆయన అర్థం చేసుకున్నాడు.

"నీ డ్రైవింగ్ పరీక్ష గుర్తుందా? రివర్సులో రెండు స్తంభాల మధ్యకి తెచ్చి పెట్టావు. దేనికీ తగల్లేదు. అంత నీటుగా పెట్టినవాళ్లని నేను ఇంతవరకూ చూడలేదు. ఫెయిలని రాశాను. సొంత పెళ్లాన్ని కూడా వదల్లేదని ఆఫీసులో అందరూ నన్ను మెచ్చుకున్నారు. అదేం కాదు. లైసెన్సు వస్తే నీకు ఆ ఊరూరూ తిరిగే ఆసుపత్రి వ్యాను ఉద్యోగం వచ్చేది. వారంలో సగం రోజులు ఇంట్లో ఉండవు. వంటింట్లో ఒక్కణ్నీ కూర్చుని తినాలంటే నాకు భయమేసింది. అంతే. నీకు బండి రాదని నువ్వే నమ్మేదాకా చెబుతూ వచ్చాను. తప్పు చేశాను."

కర్టెన్ వెనక ఎవరో గట్టిగా ముక్కు చీదారు. ఆయన కళ్లు కూడా చెమ్మగిల్లాయి. బండి పక్కకి తీసి, సిగ్నల్ వేసి, ఆపాడు.

"ఇప్పుడు చెప్పు. ఏదో ఒకటి అను."

కర్టెన్ తొలగింది. చెదిరిన జుట్టుతో ఒక ముసలమ్మ తొంగి చూసింది.

"బాబూ, నేనెవరో నీకు తెలియదు. నువ్వెవరో మాత్రం నాకు బాగా తెలిసిపోయింది."

ఆయన ఆమె వెనక మంచం దాకా తొంగి చూశాడు, ఇంకెవరూ లేరు. తర్వాత అడిగిన మొదటి ప్రశ్న, "ముందే నోరు విప్పొచ్చు కదా?" అని.

"మాట్లాడొద్దన్నది నువ్వే కదా నాయనా. అయినా మా ఆయన పోయేదాకా ఒక్కనాడూ తప్పు చేశానని అనలేదు. మగవాడు ఆ మాట అంటే ఎలా ఉంటుందో విందామనిపించింది."

ఆయన ఆ తెలియని నంబరుకి ఫోను చేశాడు. టీ కొట్టు అతను ఎత్తాడు. "మీ ఆవిడేనా సార్? చాలాసేపు ఏడ్చారు. ఇప్పుడు పర్లేదు, టోపీలు అమ్ముతున్నారు" అన్నాడు.

వెనక్కి వెళ్లే దారంతా టోపీలమ్మ పక్క సీట్లో కూర్చుంది. "ఈ సంగతి ఆవిడకి నేనే చెబుతాను, మీరు చెప్పకండి" అని ఆయన బతిమాలాడు. "నువ్వు చెబితే నాకేం పని?" అందామె. ఆయన చెప్పాల్సిన మాటలు లోలోపల వల్లె వేసుకున్నాడు. కానీ ఒకసారి అంత కష్టపడి బయటికి తీసిన మాటలు, రెండోసారి గొంతు దాకా వచ్చి అక్కడే కూలబడ్డాయి.

ఆవిడ టోపీల బండి వెనక నిలబడి సముద్రంకేసి చూస్తోంది. కళ్లు వాచి ఉన్నాయి. ఈ మనిషి తనని కావాలనే వదిలేసి పోయాడని మొదట నమ్మింది. నమ్మడానికి తనకి ఒక్క క్షణం కూడా పట్టలేదని తర్వాత గమనించింది. ఆవిడకి అన్నిటికన్నా అదే ఎక్కువ బాధ కలిగించింది. అయినా వ్యాను తిరిగి రావడం చూశాక, ఆయన వచ్చి ఒక్క మంచి మాట అంటాడేమోనని చూసింది.

ఆయన దిగి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. నోరు తెరిచాడు.

"బండిలోంచి దిగేటప్పుడు డ్రైవరుకి చెప్పి దిగాలి" అన్నాడు.

టోపీలమ్మ ఆయన వంక చూసింది. ఇంకో మాట వస్తుందేమోనని ఆగింది. రాలేదు.

"అమ్మా, ఆ రోజు నువ్వు పాసయ్యావట" అంది.

ఆవిడకి అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. భర్త ముఖం చూశాక పూర్తిగా అర్థమైంది.

"రివర్సు?"

"అంత నీటుగా ఎవరూ పెట్టలేదట. ఒక్కడే కూర్చుని తినాలంటే భయమేసి ఫెయిల్ చేశాడట."

ఆవిడ చెయ్యి చాపింది. "తాళాలు ఇలా ఇవ్వండి."

"నీకు లైసెన్సు లేదు."

"ఎందుకు లేదో ఇప్పుడు అందరికీ తెలుసు కదా. రోడ్డెక్కను, ఈ ఆవరణ దాటను. ఇవ్వండి."

నీళ్ల ట్యాంకరుకీ గోడకీ మధ్య ఒక సందు ఉంది. ఆవిడ వ్యాను ఎక్కింది. ఇంజను ఒకసారి ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేసి, రెండు అద్దాలూ చూసుకుని, మెల్లగా వెనక్కి తెచ్చి ఆ సందులో పెట్టేసింది. దేనికీ తగల్లేదు. టీ కొట్టు అతను గ్లాసు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. మార్కులాయన చుట్టూ తిరిగి చూశాడు. తప్పు దొరుకుతుందేమోనని ఆ క్షణంలో కూడా వెతికాడు.

ఆవిడ మంచం మీది తన ఫోను తీసి బట్టల సంచిలో పడేసుకుని, సంచితో దిగి తాళాలు ఆయన చేతిలో పెట్టింది. దక్షిణం వైపు బస్సు వస్తోంది.

"నేను చెప్పాను. మొత్తం చెప్పాను. కావాలంటే ఆమెని అడుగు" అన్నాడాయన.

"నిజమే. ఆమెకి చెప్పారు" అంది ఆవిడ. "అక్కా వాళ్ల ఊళ్లో పరీక్ష పెట్టేది వేరే ఆఫీసరు. అది చాలు నాకు."

నెత్తి మీది టోపీ తీసి ఇవ్వబోతే టోపీలమ్మ వద్దంది. ఆవిడ దాంతోనే బస్సెక్కింది, సముద్రం వైపు సీటు చూసుకుని కూర్చుంది, వెనక్కి తిరగలేదు.

మార్కులాయన ఒక్కడూ ఇంటిదారి పట్టాడు. వచ్చేటప్పటి మలుపు దగ్గర, ఎవరూ అడక్కుండానే బండి ఆపాడు. వెనక కర్టెన్ ఇంకా సగం మూసే ఉంది, ఆయన చెయ్యి చాపి దాన్ని పూర్తిగా వేసేశాడు. ఆ తర్వాత ఇల్లు చేరేదాకా, ఆవిడ అవతలే ఉన్నట్టు, నియమం ప్రకారం, ఒక్కసారి కూడా పలకరించలేదు.