దండెం మీద చర్మం

ఒంటిమీంచి తీసిన చర్మాన్ని ఏ దండెం మీద ఆరేయాలన్న గొడవ ఆ ఆదివారం వకుళ ఇంట్లో పొద్దుటినుంచీ నడుస్తూనే ఉంది.

"నా మడిచీర పక్కనా? ఇంకెక్కడా చోటు దొరకలేదుటే?" అంది అత్తగారు సూరమ్మ.

"వీధివైపు వేస్తే మీ అబ్బాయి పరువు పోతుందిట అత్తయ్యా," అంది వకుళ, చర్మానికి అరచేతుల దగ్గర ముడతలు సాపుచేస్తూ.

వైద్య కళాశాలలో శరీరచిత్రాల పని మొదలయ్యాక ఇలాంటి గొడవలు చాలా ఇళ్లలో మామూలయ్యాయి. నాలుగైదు వందల ఏళ్ల కిందట ఇటలీలో శవాలను కోసి చూసి, పొర వెనక పొరగా బొమ్మలు వేసిన పద్ధతే ఇది. ఆ బొమ్మల్లో మనుషులు చర్మం లేకుండానే కొండల ముందు దర్జాగా నిలబడతారు. కొందరు తమ చర్మాన్ని తామే తెరలా ఎత్తిపట్టుకుని లోపలేముందో చూపిస్తారు. శవాలకు అనుమతి దొరకడం కష్టమై కళాశాలవారు ఇప్పుడు గృహిణులను తీసుకుంటున్నారు. భర్త సంతకం ఒక్కటి చాలు. ఉదయం కౌంటర్లో చర్మం అప్పగించి చీటీ తీసుకోవాలి, సాయంత్రం చీటీ చూపించి మళ్లీ తొడుక్కోవాలి. ఆదివారం ఇంట్లో ఉతుక్కోవచ్చు.

"అంతసేపు చూడ్డానికి నీలో ఏముందే?" అని భర్త కామేశం అడుగుతూనే ఉన్నాడు. అది వకుళకీ తెలియదు, నిన్న బొమ్మ చూసేదాకా. ఆమె కుడి భుజం ఒక్కదానికే డ్రాయింగు మాస్టారికి వారం పట్టింది. ఒక్కో కండరం పోగూ వీణతీగలా బిగిసి మెరుస్తోంది. వెనకాల కొండలకు బదులు రుబ్బురోలు వేశారు.

"ఆ పాత చిత్రకారుల చేతికి ఇప్పటికీ దండం పెడతానమ్మా. కానీ ఆడమనిషి దగ్గరికొచ్చేసరికి ఎక్కువమంది గర్భసంచీ గీసి ఊరుకున్నారు. ఈ భుజం మిగిలిపోయింది," అన్నారాయన.

వకుళ బొమ్మ ముందు నిలబడిపోయింది. పెళ్లయిన ఇన్నేళ్లలో తననెవరూ అంత ఓపిగ్గా చూడలేదు.

అందుకే ఈ ఆదివారం మధ్యాహ్నం వడ్డిస్తూ చెప్పింది. "ఇక నేను చర్మం తొడుక్కోను."

కామేశం ముద్ద ఆపాడు. "పొయ్యి సెగకి మండదూ?"

"అదున్నప్పుడు మండలేదాండీ?"

కామేశం కంచంలోకి చూస్తూ ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

"పోనీలే, హరితకి దాస్తాను. కాస్త కుదించి కుట్టిస్తే సరిపోతుంది," అంది సూరమ్మ. "మంచి ఓర్చుకునే తోలు. ఎంత కాలినా పైకి తెలియదు."

వకుళ కూతురు, పదేళ్ల హరిత, గౌనుకి కొలత ఇచ్చినట్టే నానమ్మ ముందు చెయ్యి చాపింది.

వకుళ గరిటె పక్కనపెట్టి ఆ చేతిలో పెన్సిలు ఉంచింది.

"దాచక్కర్లేదు అత్తయ్యా. రేపట్నుంచి హరిత కూడా నాతో కళాశాలకి వస్తుంది. బొమ్మలు వేయడం నేర్చుకుంటుంది," అని నెమ్మదిగా అందరికీ చెప్పింది.